గుట్ట మీద ఆకు లేకుండా పూసిన పసుపు పూల చెట్టు, కొండగోగేనా? తవ్వి తెచ్చుకోవచ్చా?

దేవరకొండ_పోరడు:
అన్నలూ, మా ఊరి గుట్ట మీద పరుపు బండ నెర్రెలో ఒక మొక్క ఉంది. నా కంటే కొంచెం ఎత్తు, ఒక్క ఆకు లేదు, కొమ్మల చివర మాత్రం అరచేయంత పసుపు పూలు. తాత కొండగోగు అంటున్నడు, ఒకప్పుడు గుట్ట నిండా ఉండేవంట, ఇప్పుడు ఎంత వెతికినా ఇదొక్కటే. పక్క గుట్టను క్వారీ సగం తినేసింది, ఇదీ పోతుందేమోనని టెన్షన్. తవ్వి ఇంటి ముందు పెడితే బతుకుతుందా?

గుట్టల_వెంట:
తాత కరెక్టే తమ్ముడూ. దీని శాస్త్రీయ పేరు కాక్లోస్పెర్మమ్ రెలిజియోసమ్. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకు రాల్చి పూస్తుంది. రేల కూడా పసుపే గానీ అది ఎండలు ముదిరాక గుత్తులు గుత్తులుగా వేలాడుతుంది, దీనికి విడివిడిగా అయిదు రేకుల పెద్ద పూలు. ఎండ ఎక్కకముందు ఓసారి దగ్గర కూర్చుని చూడు. ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి కోసమే వచ్చే నల్ల తుమ్మెద కేసరాలను పట్టుకుని ఝుమ్మని వణికిస్తే, ఉప్పు డబ్బా దులిపినట్టు వాటి చివరి రంధ్రాల్లోంచి పొడి రాలుతుంది. తవ్వడం మాత్రం వద్దు. బండ సందులో వేరు ఎంత లోతుకు పోయిందో తెలియదు, గడ్డపార వేస్తే తెగిన ముక్కే చేతికొస్తుంది.

నర్సరీ_కల్వకుర్తి:
వద్దని ఊరుకుంటే ఎట్లా అన్నా, క్వారీ వాళ్లు ఆగుతారా? గింజలు తెచ్చుకో తమ్ముడూ. కాయ పగిలితే పట్టులాంటి దూది, అందులో గింజలు. పెంకు మహా గట్టిది, అట్లనే నాటితే నెలలైనా కదలదు. గరుకు కాగితం మీద ఒక పక్క పెంకు అరిగేదాకా రుద్ది, రాత్రంతా నానబెట్టి, మొరం, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో వెయ్యి. నల్లరేగడిలో పెట్టకు, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

పాలమూరు_పిల్ల:
ఇంత కష్టం ఎందుకు, మా దగ్గర నర్సరీలో కొండగోగు అని ముద్ద పూలది అమ్ముతున్నరు కదా?

గుట్టల_వెంట:
అది వేరే చెల్లీ. ముద్ద పూలది అమెరికా ఖండం జాతి, కాక్లోస్పెర్మమ్ విటిఫోలియమ్. అందంగానే ఉంటుంది, పెంచుకో, కానీ మన గుట్టది కాదు. అట్లాగే బంక తీసే తపసి కూడా వేరే, దాని బెరడు తెల్లగా నున్నగా మెరుస్తుంది. కొండగోగుకూ బంక ఉంది, గిరిజనులు తీసి గిరిజన సహకార సంస్థకు (జీసీసీ) అమ్ముతారు. ఆశకు పోయి గాట్లు ఎక్కువ పెడితే చెట్టే చస్తుంది. తమ్ముడూ, నీ పోస్టులో ఊరి పేరు రాయకపోవడం మంచిదైంది, లేకుంటే బంక కోసం ఎవరైనా దాని మీద పడొచ్చు.

దేవరకొండ_పోరడు:
థాంక్స్ అన్నా. రెండు కాయలు పట్టినయి, ఇంకా పచ్చిగున్నయి. ఇప్పుడే కోసుకోనా?

నర్సరీ_కల్వకుర్తి:
ఆగు. గోధుమ రంగు తిరిగి ఎండేదాకా ఉంచు, పచ్చి గింజ మొలవదు. పగిలాక పోదామనుకుంటే దూదితో సహా గాలికి పోతయి, అందుకే రంగు తిరగ్గానే పాత పలచని చీర ముక్క వదులుగా కట్టు. ఒక కాయ మాత్రం చెట్టుకే వదిలెయ్.