తెలుగు గుప్తలిపి: లెక్కలు తీసినా విడిపోవట్లే

కావలి_రైలుగేటు:
మన జిల్లా సేద్యం మీద రాసిన పేరాను నంబర్లలోకి మార్చిన పజిల్ ఇది. యూనికోడ్‌లో (కంప్యూటరు అక్షరాలను దాచుకునే పద్ధతి, హల్లుకూ గుణింతానికీ వేరువేరు గుర్తులు) ఒక్కో గుర్తుకు ఒక్కో నంబరు, పదాల మధ్య ఖాళీలు అట్టాగే ఉంచారు. మొత్తం 212 నంబర్లు, 43 రకాలు. ఎక్కువగా వచ్చినవి: 27 (19 సార్లు), 05 (17), 33 (14), 08 (13). తెలుగులో 'అ' ఎక్కువ గదా అని 27ను 'అ' అనుకుంటే ఒక్క పదం కుదరట్లే. ఎక్కడ తప్పుతున్నా?

పెన్నా_ఇసుక:
'అ' దగ్గరే అన్నా. చెవికి 'అ' ఎక్కువే, కానీ 'క'లో ఉండే 'అ'కు యూనికోడ్‌లో విడిగా గుర్తు లేదు. 27 పొల్లు అయి ఉంటాది. ఒత్తు పడిన ప్రతిచోటా మధ్యలో పొల్లు దాక్కుంటాది: 'ల్ల' అంటే ల, పొల్లు, ల. కాబట్టి అటూ ఇటూ ఒకే నంబరు ఉన్నవి వెతకండి. 'మామ'లో దీర్ఘం కూడా అట్టాగే ఇరుక్కుంటాది, అందుకని రెండో పరీక్ష: దీర్ఘం పదం చివర వస్తాది, పొల్లు రాదు (బస్, కలెక్టర్ లాంటివి తప్ప). సున్నా (ం)తో పొరబడకండి. సున్నా గుణింతం తర్వాత కూడా వస్తాది, పొల్లు హల్లు తర్వాతే.

కావలి_రైలుగేటు:
27 పదం చివర ఒక్కటీ లేదు. 05 మాత్రం 11 పదాల చివర ఉంది. ఈ పదం చూడండి: 14 31 08 27 08 22 19 05 08 40.

ఒంగోలు_గిత్త:
05 కొమ్ము. మన మాటలు ఎక్కువగా దాంతోనే ముగుస్తాయి. ఇక ఆ పదంలో 3, 5, 9 స్థానాలు ఒకటే, ఎనిమిదోది కొమ్ము. ఊళ్ల పేర్లు పెట్టి చూడండి, 'నెల్లూరులో' అచ్చంగా కూర్చుంటాది. ఒక్క దెబ్బకు 8 గుర్తులు చేతికొచ్చాయి. (మా ఒంగోలుకు ఒత్తే లేదు, ఏం చేస్తాం!)

కావలి_రైలుగేటు:
14 33 19 05 దగ్గర ఆగింది. నీరా, నారా?

ఒంగోలు_గిత్త:
నూరు, నోరు కావు, 22, 40 ఇప్పటికే తేలిపోయాయి. 33 మీ లెక్కలో 14 సార్లుంది. గుడిదీర్ఘం అన్నిసార్లు రావడం అరుదు, కాబట్టి దీర్ఘమే, మాట 'నారు'. మిగతా 13 చోట్లా దీర్ఘం పెట్టి చదవండి, ఎక్కడైనా అడ్డం తిరిగితే వెనక్కి రండి.

పెన్నా_ఇసుక:
ఏ అక్షరం ఎంత ఎక్కువ వస్తాదో చెప్పే ఇంగ్లీషు పట్టికలు పక్కన పడేయండి. 9వ శతాబ్దంలో అరబ్బు పండితుడు అల్ కిందీ చెప్పిన పద్ధతే: అదే భాషలో మామూలు పాఠం ఒక పేజీ తీసుకుని ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ఆ వరసా పజిల్ వరసా పక్కపక్కన పెట్టుకోవాలి. అదైనా ఎక్కువగా వచ్చే ఏడెనిమిది గుర్తులకే పనికొస్తాది. 212లో ఒకటి రెండుసార్లు వచ్చే ఘ, ఠ లాంటివి మాటను బట్టి పట్టాల్సిందే. పొల్లు తర్వాత తప్ప ఇంకెక్కడా కనిపించని నంబరు ఏదన్నా ఉంటే అది అక్షరమేనా అని అనుమానించండి. 'బస్‌లు' లాంటి మాటల్లో కీబోర్డు పెట్టే కనపడని గుర్తు కావచ్చు, దాన్ని కొట్టేసి చదవండి.