ఎక్స్‌టెండెడ్ వారంటీలో ఇంజిన్ క్లెయిమ్ కుదరదన్నారు, ఇంజిన్ విప్పేసి ఉంది. ఏం చేయాలి?

ప్రశ్న: పెట్రోల్ కారు, 58,000 కి.మీ. తిరిగింది. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది. ఇంజిన్‌లో టకటక శబ్దం వస్తే డీలర్ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాం. ఇంజిన్ దించి చూసి, బేరింగులు పోయాయని, ఒక సర్వీసు 1,100 కి.మీ. ఆలస్యమైంది కాబట్టి క్లెయిమ్ రాదని ఫోన్‌లో చెప్పారు. ఎస్టిమేట్ 1,85,000 రూపాయలు. ఇంకా దేనికీ సంతకం పెట్టలేదండీ.

జవాబు: సంతకం పెట్టకపోవడం మంచిదైంది. ముందు వారంటీ పత్రం తీసి, క్లెయిమ్ చెల్లించాల్సింది ఎవరో చూడండి. డీలరే కానక్కర్లేదు, కార్ల కంపెనీ కావచ్చు, వేరే సంస్థ కావచ్చు. ముగ్గురికీ ఈరోజే ఒకే మెయిల్ పెట్టండి. ఏ షరతు కింద క్లెయిమ్ కాదన్నారో రాసి ఇమ్మనండి. పాడైన బేరింగ్ షెల్స్ (బేరింగు లోపలి అరిగే రేకులు), ఆయిల్ ఫిల్టర్, దింపిన ఆయిల్ పారేయవద్దనీ, మీరు వచ్చి ఫొటోలు తీసుకుంటారనీ రాయండి. ఈ మెయిల్ ఆలస్యమైతే ఆ సామాను స్క్రాప్‌కు వెళ్లిపోతుంది, ఆ తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు. జాబ్ కార్డు (బండి ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ రాసే పని పత్రం) నకలు, పాత సర్వీసు బిల్లులన్నీ కూడా అడిగి తీసుకోండి.

ఇంకో జవాబు: ఆ బిల్లుల్లో ఆయిల్ గ్రేడు, ఎన్ని లీటర్లు పోశారో చూసి ఓనర్స్ మాన్యువల్‌తో పోల్చండి. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 ఉండి బిల్లులో వేరే గ్రేడు ఉన్నా, పరిమాణం అర లీటరు తక్కువ ఉన్నా, ఆ బిల్లు డీలర్‌నే నిలదీస్తుంది.

ఇక అసలు సంగతి బేరింగులే చెబుతాయి. ఆయిల్ చాలక పోయి ఉంటే ఒక్కటి కాదు, చాలా షెల్స్ అరిగి, వేడికి నల్లబడి లేదా నీలంగా మారి ఉంటాయి. వాల్వులను కదిలించే క్యామ్‌షాఫ్ట్ మీదా గీతలు పడవచ్చు. ఒకే సిలిండర్ బేరింగు పోయి మిగతావి శుభ్రంగా ఉంటే, ఆలస్యమైన సర్వీసు మీద నెట్టేయడం కష్టం. ఆయిల్ దారి ఒకచోట మూసుకుపోవడం, బిగింపులో లోపం లాంటి కారణాలు వెతకాలి. చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పించి ఆయిల్ పంపు జాలి ఫొటో తీయండి. జాలిలో నల్లటి మడ్డి ఉంటే వాళ్ల వాదనకు బలం. గాస్కెట్ సీలెంట్ (అతుకుల దగ్గర పూసే జిగురు) ముక్కలుంటే అంతకుముందు చాంబర్ విప్పిన వాళ్లది తప్పు కావచ్చు. పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగి ఉంటే మాత్రం నీళ్లు లోపలికి వెళ్లాయేమో చూడాలి. అది సాధారణంగా వారంటీలోకి రాదు, ఇన్సూరెన్సులో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉంటే అటు అడగాలి.

ప్రశ్న: బండి లేకుండా నెలల తరబడి కష్టం. డబ్బు కట్టి బాగు చేయించుకుంటే హక్కు పోతుందా?

జవాబు: పోదు. కానీ ఇంజిన్ మళ్లీ బిగించే ముందే లైసెన్సున్న మోటార్ సర్వేయర్‌తోనో, ఆటోమొబైల్ ఇంజినీర్‌తోనో తనిఖీ చేయించి రిపోర్టు తీసుకోండి. ఇందులో పొదుపు చేయకండి, కేసు నిలబడేది దీని మీదే. డబ్బు కట్టేటప్పుడు బిల్లు మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి, పాత భాగాలు మీరే తెచ్చుకోండి.

జవాబు: రాతపూర్వక జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి, ఖర్చు లేదు. అక్కడా తేలకపోతే 15 రోజుల గడువుతో ముగ్గురికీ నోటీసు పంపి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు, గడువు రెండేళ్లు. కేసు విలువ లెక్క మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, చెల్లించిన సొమ్మును బట్టి. 5 లక్షల వరకు ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు. ఫిర్యాదులో డీలర్‌ను ఒక్కడినే చేర్చకండి: ‘నిర్ణయం మాది కాదు’ అంటాడు. భాగాలు ల్యాబ్‌లో పరీక్షించాలంటే 38వ సెక్షన్ కింద కమిషన్‌నే కోరవచ్చు. బండి ట్యాక్సీగా తిరుగుతుంటే, అది మీ స్వయం ఉపాధి కోసమేనని ఫిర్యాదులోనే రాయాలి, లేకపోతే వ్యాపార వినియోగమని అభ్యంతరం చెబుతారు.