అప్‌డేట్: హ్యారీ పాటర్ నవలలు మొదలుపెట్టాను

ఫ్యాన్‌ఫిక్షన్ (అభిమానులు అవే పాత్రలతో సొంతంగా రాసే కథలు) బోలెడంత చదివేశాను, ఇక ఏడు నవలలూ కూర్చుని చదవాలా అని అడిగాను కదా. ఆరోది ఇప్పుడే అయింది. చదవాల్సిందే!

హ్యారీ స్కూల్లోనే చదివే బ్లెయిజ్ జాబినీ సంగతే చూడండి. 1997లో వచ్చిన మొదటి పుస్తకంలో వినిపించేది పేరే. ఆడో మగో 2005లో ఆరోది వచ్చేదాకా తేలలేదు. ఈలోపు కొందరు అభిమానులు అమ్మాయిని చేసి కథలు అల్లేశారు, నా బుర్రలో ఆవిడే తిష్ట వేసింది. తీరా చూస్తే పొడుగాటి నల్లజాతి అబ్బాయి, పైగా పొగరు!

ఇక స్కూల్లో హ్యారీకి పడని డ్రాకో. ఫ్యాన్‌ఫిక్షన్‌లో చమత్కారి, ప్రేమికుడు. నవలలో బాత్‌రూమ్ సింకు పట్టుకుని వణుకుతూ ఏడుస్తాడు. నాకైతే ఈ డ్రాకోనే నచ్చాడు. ఫ్యాన్‌ఫిక్షన్ మాత్రం మాననులెండి, ఏడోది అయ్యాక మళ్లీ మొదలు.