సొంతంగా చేసిన గొట్టంతో రెండు కార్బురేటర్లను సమం చేసుకోవచ్చా?

లంకగట్టు (అమలాపురం):
నాది రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి పంపేది) ఉన్న 250 సీసీ ఫోర్‌స్ట్రోక్ బండి. ఆ రెండూ సమంగా లేకపోతే ఇంజిన్ వణుకుతుంది. నిరుడు కాకినాడలో ఒక షెడ్డులో 2,500 రూపాయలు తీసుకుని, చెవితో విని ట్యూన్ చేశామన్నారు. యానాం వంతెన దాటేలోగా పాత వణుకే తిరిగి వచ్చింది. అందుకని అక్వేరియంకు గాలి పట్టే గొట్టం, లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లది, కొని, చెక్కకు యు ఆకారంలో బిగించి, అడుగున మీటరు పొడవున టూటీ ఆయిల్ (టూస్ట్రోక్ బండ్ల పెట్రోలులో కలిపే నూనె) నింపి, రెండు కొసలనూ రెండు ఇన్‌టేక్‌ల (కార్బురేటర్ నుంచి సిలిండరుకు గాలి వెళ్లే దారుల) మీద పీల్పు చూసే వాక్యూమ్ మొనలకు తగిలించాను. తాపీ మేస్త్రీ గోడ మట్టం చూసుకునే నీటి గొట్టం లాంటిదే ఇది. నూనె ఏ వైపు లేస్తే ఆ వైపు పీల్పు ఎక్కువ, అంటే అక్కడి త్రాటిల్ (గాలిదారి మూత) ఎక్కువ మూసుకుని ఉందని అర్థం. మట్టాలు కలిసేదాకా రెండు కార్బురేటర్ల నడుమ ఉండే సర్దుబాటు స్క్రూ తిప్పాను. ఖర్చు 160 రూపాయలు.

షెడ్డు మేస్త్రీ (భీమవరం):
తమ్ముడూ, ఒక కొస జారిపోతే ఆ నూనె అంతా రెండో సిలిండరులోకి పోతుంది. నీ గొట్టంలో ఉన్నది 12 మిల్లీలీటర్ల పైమాటే. 125 సీసీ సిలిండరుకు కంప్రెషన్ 10:1 (లోపలి గాలిని పదో వంతుకు అణచడం) అనుకుంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ 14 మిల్లీలీటర్లే.

లంకగట్టు:
నూనె కాలిపోతుంది, కాసేపు పొగ వస్తుంది. నీళ్లయితే ప్రమాదం గాని నూనెతో ఏమీ కాదు.

షెడ్డు మేస్త్రీ:
కాలడానికి ముందు అణగాలి కదా. నీరైనా నూనైనా అణగదు. పిస్టన్‌ను పట్టుకునే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

పంటకాలువ (తణుకు):
పాత బీపీ మిషన్‌లోని పాదరసం వాడితే?

కోనసీమ మాస్టారు:
వద్దు బాబూ. దాని ఆవిరి విషం, పైగా అల్యూమినియాన్ని తినేస్తుంది. ఒక్కో వైపు గొట్టానికి నడుమ చిన్న ఖాళీ సీసా కట్టండి, నూనె పొంగితే అందులోనే ఆగుతుంది.

లంకగట్టు:
మాస్టారూ, సీసాలు కడతాను. కానీ మేస్త్రీ గారి బాధ నూనె గురించి కాదు. మేము సొంతంగా చేసుకుంటే షెడ్డుకు రామని ఆయన భయం.

షెడ్డు మేస్త్రీ:
ఆ మాట అనకుండా ఉండవలసింది. పోయిన సంక్రాంతికి ఒక అబ్బాయి ఇలాగే స్క్రూలన్నీ తిప్పేసి బండి తెచ్చాడు. మూడు రోజులు కూర్చుని సరిచేస్తే, సగం డబ్బులిచ్చి, నేనే పాడుచేశానని ఊరంతా చెప్పాడు. నా బాధ అది. ఒక వాల్వు (సిలిండరు గాలి తలుపు) గ్యాపు, అంటే దానికీ దాన్ని తోసే భాగానికీ నడుమ సందు, తగ్గి సరిగా మూసుకోకపోయినా, ఇన్‌టేక్ రబ్బరు పగిలి గాలి పీల్చినా ఆ సిలిండరు పీల్పు పడిపోతుంది. నువ్వు త్రాటిల్ తిప్పి మట్టాలు కలిపేస్తే గొట్టం బాగుందనే చూపిస్తుంది, జబ్బు లోపలే ఉంటుంది. ముందు వాల్వు గ్యాపులు చూశావా?

లంకగట్టు:
చూడలేదు. నా దగ్గర ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకులు) లేదు. అయినా ఆ కాకినాడ షెడ్డులోనూ ఎవరూ చూడలేదు, వాళ్లు ట్యాంకు కూడా దించలేదు.

షెడ్డు మేస్త్రీ:
చూడకుండా డబ్బు తీసుకోవడం తప్పే. ఆదివారం పొద్దున్నే రా. శనివారం సాయంత్రమే బండి తెచ్చి షెడ్డులో పెట్టు, గ్యాపు చూడాలంటే ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉండాలి.

లంకగట్టు:
వస్తాను. సీసాలు కట్టిన గొట్టం కూడా తెస్తాను. గ్యాపులు మీరు చూడండి, నడుమ స్క్రూ మాత్రం నేనే తిప్పుతాను.