అప్‌డేట్: చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వయొలిన్

చిన్నప్పుడు మాస్టారి దగ్గర ప్రైవేటుగా నేర్చుకున్న వెస్టర్న్ వయొలిన్ ఇంత గ్యాప్ తర్వాత పనికొస్తుందా, మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలా అని అడిగాను కదా. మొదలుపెట్టేశాను. వేళ్లు మొండికేశాయి, కమాను వణికింది. చెవి మాత్రం ఎక్కడికీ పోలేదు! మూడో వేలు (అంటే ఉంగరపు వేలు) సరైన చోట పడితే, పక్కనున్న లావు తీగ ముట్టుకోకుండానే సన్నగా మోగుతుంది. రెండు స్వరాల మధ్య సరిగ్గా ఒక స్థాయి (కింది స నుంచి పై స దాకా ఉన్నంత) తేడా ఉంటుంది మరి. మాస్టారు శ్రుతి చూపించే ట్యూనర్ వాడనిచ్చేవారు కాదు, ఆ మోతే వినమనేవారు. అప్పట్లో చాదస్తం అనిపించేది (కొంత చాదస్తమే లెండి). కష్టమైన ముక్కను విడదీసి సగం వేగంలో వాయించడమూ ఆయన పెట్టిన అలవాటే. కొత్త టీచర్ కమాను పట్టు మార్చమన్నారు గానీ శ్రుతి జోలికి రాలేదు. మొన్న మాస్టారికి ఫోన్ చేసి చెబితే, "ముందు ఆ పాత తీగలు మార్చావా?" అన్నారు.