కాటన్‌వుడ్ చెట్టుకు మందు ఎక్కించాలా, వదిలేయాలా?

ఫెయిర్‌బ్యాంక్స్ శీను: మేం ఉండేది అలాస్కాలో. పెరట్లో ఒక కాటన్‌వుడ్, దాని పక్కన నాలుగు ఆస్పెన్ చెట్లు, రెండూ పాప్లర్ రకాలే. జూన్ చివరికల్లా ఆకులన్నీ నత్త పాకినట్టు వెండి చారలే, దూరం నుంచి చూస్తే చెట్టుకు సున్నం కొట్టినట్టుంది. కాండంలోకి మందు ఎక్కిస్తానని ఒకతను వచ్చాడు, మా ఆవిడేమో వద్దంటోంది. టెన్షన్‌గా ఉంది.

గూడూరు రైతు: అది ఆకు తొలిచే పురుగు పని. మా నిమ్మ తోటల్లో పాముపొడ అంటామే, దాని దాయాదే ఇది, రెండూ ఫిల్లోక్నిస్టిస్ అనే ఒకే ప్రజాతి పురుగులే. చిగురు మీద వదిలేస్తే లేత మొక్క ఎదగదు. ఆలోచించకుండా కొట్టించు తమ్ముడూ.

వసంత: అన్నా, నిమ్మ ఏడాదిలో చాలాసార్లు చిగురేస్తుంది, పురుగు తరం మీద తరం పెరుగుతుంది. అక్కడ ఏడాదికి ఒక్క తరమే. శీను గారూ, ఒక ఆకు తెంపి వెలుగుకు పెట్టి చూడండి, చార మధ్యలో సన్నటి నల్లగీత ఉంటుంది, అది పురుగు రెట్ట. ఆకు అంచు మడత పడి ఉంటే లోపల ప్యూపా (రెక్కల పురుగుగా మారే ముందు దశ) ఉన్నట్టే, అంటే అది తినడం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు మందు ఎక్కిస్తే డబ్బు దండగ. పైగా ఆస్పెన్ ఆకు మొదట్లో చిన్న తేనె గ్రంథులుంటాయి, ఆ తేనె కోసం వచ్చే చీమలూ ఇతర పురుగులే ఈ పురుగుకు శత్రువులు. మందు ఆ తేనెలోకీ చేరితే మనమే వాటిని చంపుకున్నట్టు కదా.

గూడూరు రైతు: మరి చెట్టుకు నష్టం లేదంటావా అమ్మా?

వసంత: నష్టం ఉంది, కాదనను. అలాస్కా విశ్వవిద్యాలయం వాళ్ళు ఆస్పెన్ మీద 2008లో ప్రచురించిన పనిలో, ఆకు అడుగువైపు తొలిచినప్పుడే పెద్ద దెబ్బ అని తేలింది. గాలి పీల్చే రంధ్రాలు అటే ఉంటాయి, వాటిని తెరిచే కణాలు చచ్చిపోతే ఆకు ఆహారం తయారు చేసుకోలేదు, ముందే రాలిపోతుంది. పైవైపు చారలు చూడ్డానికే భయంకరం. అందుకే ముందు ఆకులు తిరగేసి చూడమంటున్నా.

ఫెయిర్‌బ్యాంక్స్ శీను: రాలిన ఆకులు ఊడ్చి తగలబెడితే?

వసంత: లాభం లేదు, ఆకు రాలేలోపే రెక్కల పురుగు ఎగిరిపోతుంది, చలికాలమంతా స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు బెరడు కిందో చెత్తలోనో దాక్కుంటుంది.

గూడూరు రైతు: అయితే వచ్చే మే నెలలో చిగురు విప్పుకునేటప్పుడైనా కొట్టించాలి, నా మాట అదే.

ఫెయిర్‌బ్యాంక్స్ శీను: ఇప్పుడే కాటన్‌వుడ్‌వి ఇరవై ఆకులు తిరగేశాను. పద్నాలుగింటికి చార పైవైపే ఉంది. ఆస్పెన్‌లలో ఒక బక్కచెట్టుకు మాత్రం రెండు వైపులా. దానికి ఇవాళ్టి నుంచే నీళ్ళు పడుతున్నా, మందు అతన్ని వద్దన్నాను.