స్పెయిన్ మద్యపు కాఫీ ‘కరహీయో’: ఎలా రాయాలి, ఎలా పుట్టింది?

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. స్పెయిన్ భోజన సంప్రదాయాలపై తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. భోజనం ముగిశాక కాఫీలో బ్రాందీ గానీ రమ్ము గానీ కలిపి తాగే పానీయం పేరును కొందరు ‘కరజిల్లో’ అనీ, మరికొందరు ‘కరహియో’ అనీ రాస్తున్నారు. ఏది సరైనది? ‘ధైర్యం’ అనే అర్థం గల స్పానిష్ మాట నుండి ఆ పేరు వచ్చిందన్న కథ నమ్మదగినదేనా? ‘సురాకాఫీ’ అని అనువదిస్తే ఎలా ఉంటుంది?

సమాధానం: మొదటి ప్రశ్నకు జవాబు మన వాళ్ల నోళ్లలోనే ఉంది. కాలిఫోర్నియాలోని తెలుగువారు తమ ఊరిని ‘శాన్ హోసే’ అంటారే గానీ ‘శాన్ జోస్’ అనరు. మొక్కజొన్న రొట్టెను ‘టోర్టియా’ అంటారే గానీ ‘టోర్టిల్లా’ అనరు. ఒకదానిలో జకారంగా కనిపించే అక్షరం హకారంగా, రెండవదానిలో జంట లకారంగా కనిపించేది యకారంగా పలుకుతున్నాయి. ఈ రెండు సూత్రాలనూ కలిపితే వచ్చేది ‘కరహియో’. ఊనిక చివరి నుండి రెండవ అక్షరంపై పడుతుంది కనుక నేను ‘కరహీయో’ అని దీర్ఘంతో రాస్తాను. ‘కరజిల్లో’ ఇంగ్లీషు కళ్లతో చదివిన స్పానిష్.

వ్యుత్పత్తి విషయానికి వస్తే, ప్రచారంలో ఉన్న కథలు ముఖ్యంగా రెండు. క్యూబా స్పెయిన్ పాలనలో ఉన్న రోజుల్లో (అది 1898లో ముగిసింది) అక్కడి సైనికులు ధైర్యం కోసం కాఫీలో రమ్ము కలుపుకునేవారనీ, ధైర్యానికి స్పానిష్ మాట ‘కొరాహె’ గనుక ‘కొరహీయో’ అన్న పేరు క్రమంగా ‘కరహీయో’గా మారిందనీ మొదటి కథ. బార్సిలోనాలో తొందరలో ఉన్న బండివాళ్లు కాఫీని, మద్యాన్ని విడివిడిగా తాగే తీరిక లేక ఒకే గ్లాసులో పోయించుకుని, కతలాన్ భాషలో ‘ఇప్పుడే వెళ్తున్నాను’ అనే అర్థం గల ‘క ఆర గీల్యు’ అనేవారనీ, అదే పేరై నిలిచిందనీ రెండవది. రెండూ వినడానికి సొగసైనవే. రెండూ లోకనిరుక్తులే (జనం తరువాత కల్పించుకున్న వ్యుత్పత్తులే) అని నా అభిప్రాయం. మొదటి కథలో ఒకారం అకారంగా ఎందుకు మారిందో ఎవరూ చెప్పరు. రెండవదానిలోని గకారం స్పానిష్‌లో ఈ హకారం ఎలా అయిందో కూడా చెప్పరు.

అసలు దారి ఇంత దూరం పోనక్కరలేదు. స్పానిష్‌లో ‘కరాహో’ అనే బూతుమాట ఉంది, పురుషాంగానికి పేరు. దానికి చిన్నతనాన్ని, చనువును తెలిపే ‘ఈయో’ ప్రత్యయం చేరిస్తే ‘కరహీయో’ ఏ అక్షరమూ మార్చనక్కరలేకుండా వస్తుంది. ఇంకొక బలమైన ఆధారం కతలాన్‌లోనే దొరుకుతుంది: ఆ భాషలో ఈ పానీయాన్ని ‘సిగలో’ అంటారు. ఆ మాటకు మూలమైన ‘సిగాల’కు రొయ్యజాతి జీవి అనే అర్థంతో పాటు, వాడుకలో ఇదే అవయవం అనే అర్థమూ ఉంది. పక్కపక్క భాషలు రెండూ ఒకే గ్లాసుకు ఒకే మోటుపేరు పెట్టుకోవడం యాదృచ్ఛికమని నేననుకోను. మోటు మాటకు మర్యాద కథ తొడగడం అన్ని భాషల్లోనూ ఉన్నదే.

‘సురాకాఫీ’ మాత్రం దయచేసి వద్దు. సురలో ఉన్న పురాణవాసన బార్ కౌంటరు దగ్గర నిలబడి తాగే గ్లాసుకు అతకదు. ప్రత్యయాన్ని అనువదిద్దామన్నా, మనకు ప్రాతిపదికల చివర అంత ధారాళంగా చేరే అల్పార్థక ప్రత్యయం లేదు. చిరునవ్వు, పిల్లకాలువ, చిట్టిగారె అన్నట్టు మనం ముందువైపు చేరుస్తాం. మూలమాటను అనువదిస్తే మీ వ్యాసం అచ్చుకు నోచుకోదు! పేరును అలాగే ఉంచి, పక్కన ఒక వాక్యంలో వివరించండి.

మరొక సభ్యుని ప్రశ్న: వలెన్సియా ప్రాంతంలో ‘క్రెమాయెత్’ అనేది కూడా ఇదేనా? రమ్మును కాలుస్తారంటే అందులో మద్యం మిగలదని అర్థమా?

సమాధానం: అదే కుటుంబం, కానీ తయారీ వేరు. మామూలు కరహీయోలో చిక్కటి వేడి కాఫీకి మద్యాన్ని కలిపితే సరిపోతుంది. క్రెమాయెత్‌లో ముందుగా రమ్మును చక్కెర, దాల్చినచెక్క, నిమ్మతొక్క, రెండు మూడు కాఫీ గింజలతో వేడిచేసి నిప్పంటిస్తారు. నీలిమంట ఆడుతుండగా చెంచాతో కలుపుతూ ఉంటే చక్కెర కరుగుతుంది, నిమ్మతొక్క సువాసన దిగుతుంది. మంట ఆరిన తరువాత గాజుగ్లాసులో పోసి, పైన ఎస్ప్రెస్సోను చెంచా వెనుకభాగం మీదుగా నెమ్మదిగా జార్చుతారు. చక్కెర కలిసిన రమ్ము బరువెక్కి అడుగున నిలుస్తుంది, దానిపై నల్లటి కాఫీ, అన్నిటికీ పైన నురగ. ఈ మూడు పొరలూ విడిగా కనిపించకపోతే అక్కడివారు పెదవి విరుస్తారు. పైగా వారు దీనిని రాత్రి భోజనానంతరానికే దాచుకోరు; ‘ఎస్మోర్సారెత్’ అనే పొద్దుటిపూట భారీ ఫలహారం చివర కూడా తాగుతారు.

పేరుకు మూలం ‘కాల్చు’ అనే అర్థం గల ‘క్రెమార్’ ధాతువు. దాని నిష్ఠారూపానికి (‘కాలిన’ అనే అర్థమిచ్చే రూపానికి) అల్పార్థక ‘ఎత్’ చేరి, నడుమ దకారం లోపించింది. కాలినదని పేరు చెప్పినా, మద్యమంతా కాలిపోదు. ఆల్కహాలు శాతం కొంత తగ్గగానే మంట తనంతట తానే ఆరిపోతుంది, మిగిలినది గ్లాసులోకే వస్తుంది. మద్యం ముట్టనివారికి ఈ మాట మీ వ్యాసంలో స్పష్టంగా చెప్పడం అవసరం.

మన పదపట్టికకు నా ప్రతిపాదన: కరహీయో (నామవాచకం, స్పానిష్) – బ్రాందీ, రమ్ము వంటి ఘాటైన మద్యం కలిపిన వేడి కాఫీ. రమ్మును మండించి చేసే వలెన్సియా రూపానికి ‘క్రెమాయెత్’ చూడండి.